దయచేసి మౌస్ వాడండి

సంతకం పెట్టనని అంటలేను సార్. పెన్ను మూత తీసే ఉన్నది, చూడుండ్రి. ఈ కాయితం చదివినప్పటి నుంచి చెయ్యి కదుల్తలేదు, అంతే.

'యూనివర్సిటీ అడ్మిషన్ వెబ్‌సైట్‌లో ఎటువంటి సాంకేతిక లోపం లేదు. అభ్యర్థిని స్వయంగా తప్పుడు వివరాలు నమోదు చేసినది.' రెండే రెండు వాక్యాలు. టైపు మీరే చేయించిండ్రు, కింద నా పేరు కూడా కొట్టిచ్చిండ్రు. దయాకర్, ప్రోగ్రామర్, బ్రాకెట్లల్ల కాంట్రాక్ట్. ఆ కాంట్రాక్ట్ అన్న ముక్క మాత్రం ఎవ్వరూ మర్చిపోరు!

టైం నాకూ తెలుసు సార్. నాలుగుంబావు. అయిదింటికి మన అటెండర్ ఎంకన్న సీట్ల జాబితా తీస్కపోయి బయట బోర్డుకు అంటిస్తడు. అంటించినంక అమల అనే ఆ పిల్లకు ఈ ఏడాది పీజీల సీటు లేదు. మళ్ల వచ్చే ఏడాది దాకా మీరూ ఏం చెయ్యలేరు, నేనూ ఏం చెయ్యలేను. అందుకే గద, లిఫ్టు కోసం కూడా ఆగకుండ మెట్లెక్కి ఉరికొచ్చిన.

చేతిల ఏందంటరా? ఈ ప్యాకెటా? ఏం లేదు సార్, తర్వాత చెప్త. ముందు ఇది తేల్చుకుందం.

నాకు ఒక్కటి చెప్పుండ్రి. ఆ పిల్లకు పుట్టుకతోనే రెండు కండ్లు కనపడయి. సర్కారు దవాఖాన సర్టిఫికెట్ ఇగో మీ బల్ల మీదనే ఉన్నది. అసొంటి పిల్ల, 'దివ్యాంగులా?' అని అడిగిన కాడ 'నో' అని ఎందుకు పెడ్తది? పెడితే ఆమెకేం ఫాయిదా? ఆమెకు సీటు వచ్చేదే ఆ కోటాల!

పొరపాటున పెట్టింది అంటరా? సరే, పొరపాటే. అది ఎవరి పొరపాటో చెప్పనీకే వచ్చిన.

నాకు అయిదు నిమిషాలు ఇయ్యుండ్రి సార్. మీ కంప్యూటర్ల చూపెడ్త. ఇగో, అర్జీ పేజీ తెరిచిన. ఆగుండ్రి ఆగుండ్రి, మౌస్ ముట్టకుండ్రి! దాన్ని ఇటు జరుపుత. తెర మీద బాణం ఏడున్నదో కనపడ్తె గద మౌస్‌తోని పని? ఆ పిల్లకు కీబోర్డ్ ఒక్కటే. ట్యాబ్ బటన్ కొట్టినప్పుడల్లా ఒక గడిల కెల్లి ఇంకో గడిలకు పోతది. ఏ గడిల ఉన్నదో ఇయర్‌ఫోన్ల ఒక గొంతు చెప్తది. ఆ గొంతే ఆమెకు కండ్లు.

మీరు కూడా కండ్లు మూసుకోండ్రి సార్. నవ్వకుండ్రి, నిజంగనే అంటున్న. ఆ గొంతు పని నేను చేస్త.

మొదటి గడి, 'దివ్యాంగులా?'. వై కొట్టుండ్రి. ఎడమ దిక్కు కాదు, నడుమల ఉంటది... ఆఁ, 'ఎస్' పడ్డది. కింద సర్టిఫికెట్ పెట్టే గడి తెరుచుకున్నది, పెట్టిండ్రనుకోండ్రి. ట్యాబ్. పేరు. ట్యాబ్. తండ్రి పేరు. ట్యాబ్. రాష్ట్రం. టీ, ఈ కొట్టుండ్రి. టీ ఒక్కటి కొడితే తమిళనాడు వస్తది. మంచిది, తెలంగాణ. మళ్ల ట్యాబ్. గొంతు చెప్పింది, 'జిల్లా' అని.

మీది నిర్మల్ గద సార్? ఎన్ కొట్టుండ్రి. దొరుకుతలేదా? తొందరేం లేదు, వెతుక్కోండ్రి. ఎఫ్ మీద, జె మీద చిన్న గీతలుంటయి, వేలికి తగుల్తయి. జె నుంచి జర కిందికి, ఎడమకు... ఆఁ. కొట్టిండ్రు గద?

ఇగ కండ్లు తెరవుండ్రి. జిల్లా గడి ఖాళీగనే ఉన్నది. పైకి చూడుండ్రి. మొదటి గడి చూడుండ్రి సార్.

ఏమున్నది?

మీరే చదవుండ్రి సార్, నేను చెప్తే బాగుండదు.

'నో'. అవు సార్. మీరు నిర్మల్ అని చెప్పబోయిండ్రు, అది నో అని రాసుకున్నది. కింద సర్టిఫికెట్ గడి కూడా మాయం. ఇప్పుడు నేను బయటికి పోయి అడ్మిషన్ల డైరెక్టర్ అచ్యుతరామయ్య సార్ తప్పుడు వివరాలు ఇచ్చిండ్రు అని రాసిస్తే మీకెట్ల ఉంటది?

తప్పయింది సార్. గొంతు పెద్దగయింది, మాఫ్ చెయ్యుండ్రి. పరేషాన్ల ఉన్న.

అమలది నల్లగొండ. నల్లగొండ, నిజామాబాద్, నిర్మల్, నాగర్‌కర్నూల్, నారాయణపేట... ఎన్ తోని మనకు ఎన్ని జిల్లాలున్నయో చూడుండ్రి! వరంగల్ పిల్ల అయితే బతికిపోయేది. డబ్ల్యూ కొడితే ఆ గడిల ఏదీ మారదు. ఇంకో సంగతి చెప్పాల్నా? ఈ అర్జీల ఆఖరు మార్పు చేసినంక పరీక్ష చేసుకున్నది నేనే. ఏ జిల్లా కొట్టి చూసిన? నా జిల్లానే. జనగామ. జె. అంతా మంచిగనే ఉన్నదని సంబరపడి ఛాయ్ తాగొచ్చిన.

ఎట్ల అయితది గిట్ల అంటరా? రాష్ట్రం పెట్టంగనే పేజీ మొత్తం మారదు సార్. జిల్లాలున్న ముక్క ఒక్కటే సర్వర్ నుంచి కొత్తగ వస్తది. మన సర్వర్ సంగతి మీకు తెల్వంది కాదు, రెండు సెకండ్లు పడ్తది. అది వచ్చేసరికి ఆ పిల్ల జిల్లా గడిల కూసోని ఉన్నది. మనం ఆ గడినే పీకేసి ఆ జాగల కొత్త గడి పెట్టినం. మరి అండ్ల ఉన్న మనిషి ఏడికి పోవాలె?

దాన్ని మేం ఫోకస్ అంటం. మీరు వేలు అనుకోండ్రి. పుస్తకం చదువుకుంట వరుస మీద వేలు పెట్టుకున్నరు. ఎవడో వచ్చి ఆ వేలు ఎత్తి మొదటి పేజీల పెట్టిండు. కండ్లున్నోళ్లకు ఎంబడే తెలుస్తది, వెనక్కి తెచ్చుకుంటరు. ఆమె మాత్రం ఇంకా పాత వరుస మీదనే ఉన్న అనుకుంటది.

గొంతు చెప్పదా అంటే, చెప్తది సార్. కాకపోతే బటన్ కొట్టంగనే చెప్పే మాట ఆపేస్తది, అది దాని పద్ధతి. ఆ పిల్ల మీ లెక్క వెతుక్కోదు. ఎన్ ఏ ఎల్, టకటకటక. గొంతు 'దివ్యాంగులా' అననీకి 'ది' అని ఎత్తుకునే లోపల్నే మూడు అక్షరాలు పడ్డయి. జిల్లా పడలేదని ఆమెకు తెలిసింది. మళ్ల ట్యాబ్ కొట్టుకుంట కిందికొచ్చి నల్లగొండ పెట్టుకున్నది, ఈసారి పడ్డది. ఇగ అయిపోయింది అనుకున్నది. పైన గడి తిరగబడ్డదని ఆమెకెట్ల తెలుస్తది?

చివర్ల అంతా ఒక్కసారి చూసుకోమని ఒక పేజీ వస్తది, నిజమే. అది ఫోటో సార్. ఎవ్వరూ మార్చకుండ యూనివర్సిటీ ముద్ర ఏసి ఫోటో లెక్క చేసిన. గొంతు ఫోటోను చదవదు. 'బొమ్మ' అంటది, ఊకుంటది. కనపడని పిల్లకు బొమ్మ చూపెట్టి, సరిగ్గ ఉన్నదా అమ్మా అని అడిగినం మనం.

ఎవరితోనన్న నింపించుకోవచ్చు గద అంటరు. నాకు తెలుసు సార్ మీరు గిదే అంటరని. నేనూ అదే అడిగిన. తల్లీకూతుళ్లు ఇందాకటి నుంచి కింద, బయట బల్ల మీద కూసోని ఉన్నరు. ఏమన్నదో తెలుసా? 'డిగ్రీ మూడేండ్లు పక్కన ఒకరు కూసోని రాస్తె పరీక్షలిచ్చిన అన్నా. నేను ఒకటి చెప్తె వాళ్లు ఒకటి రాసిన రోజులు కూడా ఉన్నయి. ఈ అర్జీ ఒక్కటన్న నా చేతులతోని నింపుకోవాలనుకున్న.' అందుట్ల తప్పేమున్నది సార్? తన పేరు తాను రాసుకోవాలనుకోవడం కూడా తప్పేనా?

తప్పు నాదే. లేదు సార్, ఆగుండ్రి, సగం మీది కూడా ఉన్నది. కోపం చేసినా సరే, చెప్త.

మొదట నేను రాసింది మంచిగనే రాసిన. ముక్క మారే ముందు వేలు ఏ గడిల ఉన్నదో గుర్తుపెట్టుకొని, మారినంక మళ్ల అదే గడిల తెచ్చి పెట్టేటట్టు. ఎక్కువ కాదు, ఏడెనిమిది వరుసలు. గా శుక్రవారం మీరు పిలిచిండ్రు, యాదికున్నదా? అర్జీ పేజీ పైనున్న ఎర్ర అక్షరాల నోటీసు ఎవ్వరూ చదువుతలేరు, రోజంతా ఫోన్లు చేసి సతాయిస్తున్నరు అన్నరు. రాష్ట్రం పెట్టినంక పేజీ ఒక్కసారి పైకి పోవాలె, ఆ నోటీసు కంటికి కనపడాలె అన్నరు. నేను సరే సార్ అన్న. పేజీ పైకి పోవాల్నంటే వేలు తీస్కపోయి మొదటి గడిల పెట్టుడు అన్నిటికన్న అల్కటి పని. నా ఏడెనిమిది వరుసలు తీసేసి, ఆ జాగల ఒక్క వరుస పెట్టిన.

ఆ నోటీసుల ఏమున్నదో ఇప్పుడు చదవుండ్రి సార్. 'తప్పుడు వివరాలు ఇచ్చిన వారి అభ్యర్థిత్వం రద్దు చేయబడును.' ఆ మాట కంటికి చూపెట్టనీకి పోయి కండ్లు లేని పిల్లతోని తప్పుడు వివరం పెట్టిచ్చినం!

వేరే దారి లేకుండెనా అంటే, ఉండె. వేలు కదపకుండ పేజీ ఒక్కటే పైకి జరపొచ్చు. అరగంట పని. పోనీ గంట. సాయంత్రం అయింది, లాలాగూడ బస్సు పోతదని సోమవారం చూద్దాం అనుకున్న. ఆ సోమవారం వేరే పని మీద పడ్డది. మళ్ల ఆ దిక్కు చూడలే.

ఏంది సార్? ఇదంతా ఎవరికి తెలుసు అంటున్నరా? మీకూ నాకు తప్ప ఎవ్వరికీ తెల్వదు. నిజమే. ఆ పిల్లకు కూడా తెల్వదు. తానే ఏడనో తప్పు కొట్టిన అనుకుంటున్నది.

చూసిన సార్, ఆ ఫైలు చూసిన. మీ మోచేతి కిందున్నది నా రెన్యువల్ ఫైలే. ఆరేండ్ల నుంచి ఏడాదికొకసారి చూస్తున్న, అట్ట రంగు కూడా గుర్తే. ఈ రెండు వాక్యాల మీద నేను సంతకం పెడితే దాని మీద మీరు పెడ్తరు. మీరు నోరు తెరిచి అనలే. అనాల్నా ఏంది? ఇంట్ల ఇద్దరు పిల్లలు. మా ఆమెకు పొద్దున్నే చెప్పొచ్చిన, ఇయ్యాల రెన్యువల్ అయితదని.

అందుకే సార్, అరగంట కింద ఈ రూముల నుంచి బయటికి పోయింది సంతకం పెట్టేద్దామనే. నిజం చెప్తున్న. పెన్ను లేదు, తెస్తా అన్న గద మీతోని? పెన్ను జేబులనే ఉండె. జర నీళ్లు తాగి, గుండె గట్టి చేసుకొని వద్దామనుకున్న.

నీళ్ల డబ్బా ఆ బల్ల పక్కనే. నా పేరు విని ఆ పిల్ల తల తిప్పింది. ఎంకన్న నన్ను పేరు పెట్టి పిలిచిండు లెండ్రి. 'మీరేనా అన్నా దయాకర్? మెయిల్ కింద మీ పేరు విన్న' అన్నది.

ఏం మెయిల్ అంటరా?

చెప్త. అదే సార్ నోటికొస్తలేదు.

ఆఖరు తేదీకి తొమ్మిది రోజుల ముందు ఆ పిల్ల మెయిల్ పెట్టింది. తొమ్మిది రోజులు సార్! ఇందాక నా ఫోన్ల వెతికిన, ఉన్నది. 'గౌరవనీయులైన సార్, రాష్ట్రం ఎంపిక చేసిన తర్వాత జిల్లా గడి దగ్గర కర్సర్ వేరే చోటికి పోతున్నది. నేను చూపు లేని అభ్యర్థిని, స్క్రీన్ రీడర్ వాడుతాను. దయచేసి సరిచేయగలరు.' రోగం ఏందో, ఏడున్నదో వేలు పెట్టి చూపెట్టింది. మన ఇంజనీర్లు కూడా అంత మంచిగ రాయరు.

నేను మొదటి వాక్యం చదివిన. రెండోది చదవలే.

రోజుకు రెండొందలు వస్తయి సార్ మెయిల్స్. నాలుగు జవాబులు రాసి పెట్టుకున్న, వచ్చినదాన్ని బట్టి ఒకటి అంటిస్త. బ్రౌజర్ మార్చి చూడండి. కొద్దిసేపు ఆగి ప్రయత్నించండి. ఫోటో సైజు తగ్గించండి. నాలుగోది...

నాలుగోది 'దయచేసి మౌస్ వాడండి'.

అవు సార్. గదే పంపిన. కింద దయాకర్, ప్రోగ్రామర్.

ఆ పిల్ల ఒక్క మాట అనలే. 'ఆ మెయిల్ సంగతి లోపల చెప్పలే అన్నా, మీది కూడా కాంట్రాక్టేనని ఎంకన్న తాత అన్నడు' అన్నది. నవ్వింది కూడా. ఆమె తిట్టినా బాగుండేది. తిడితే నేను కూడా రెండు మాటలు అని, లోపలికొచ్చి సంతకం గీకేటోన్ని.

పక్కన వాళ్లమ్మ ఉన్నది, శివమ్మ. తార్నాకల లేడీస్ హాస్టల్ల వంట చేస్తది. చేతులకు పసుపు అట్లనే ఉన్నది, పని నడుమల కెల్లి వచ్చినట్టుంది. ఆమెకు చదువు రాదు. ఆ రోజు ఫోన్ నా జవాబును పైకి చదువుతుంటే ఆమె కూడా విన్నదట. బిడ్డ అది మనకు పనికిరాదమ్మా అని చెప్పిందట గాని, ఆమె మనసు ఒప్పలే. యూనివర్సిటోళ్లే వాడుమన్నరు, మనం కొనకపోతిమి, అందుకే పిల్ల పేరు పోయింది అనుకున్నది.

నన్ను చూసి లేచి నిలబడ్డది సార్. నాకు దండం పెట్టింది. కొంగుల నుంచి ఇది తీసి నా చేతిల పెట్టింది.

ఇదే సార్ ఆ ప్యాకెట్. విప్పుండ్రి.

మౌస్.

ఇయ్యాల పొద్దున తార్నాక చౌరస్తా కాడ కొన్నదట. కవరు కూడా చింపలే. 'సారూ, లేటయింది, నాదే తప్పు. మీరు చెప్పినప్పుడే కొనియ్యాల్సి ఉండె. ఇప్పుడన్న ఇది పెట్టి నింపితే అయితదా సారూ?' అని అడిగింది.

ఏం చెప్పాలె సార్ నేను? చెప్పుండ్రి, మీరు చదువుకున్నోళ్లు, పెద్ద కుర్చీల ఉన్నరు. ఏం చెప్పాలె? అయితదమ్మా అని చెప్పి లోపలికొచ్చిన. అబద్ధం చెప్పొచ్చిన సార్, ఆ మౌస్ చేతిల పట్టుకొని.

ఇటియ్యుండ్రి ఆ కాయితం. లేదు, చింపను. వెనక దిక్కు ఖాళీగ ఉన్నది గద, దాని మీదనే రాస్త. 'వెబ్‌సైట్‌లో లోపం ఉన్నది. జిల్లా వివరాలు మారేటప్పుడు కర్సర్ మొదటి గడికి పోయి, దివ్యాంగుల వివరం దానంతట అదే మారినది. అభ్యర్థిని వైపు తప్పు ఏమీ లేదు. ఈ విషయం ఆమె ఆఖరు తేదీకి తొమ్మిది రోజుల ముందే నాకు తెలిపినది. నేను సరిచేయలేదు.' దయాకర్. ప్రోగ్రామర్. మీరు మర్చిపోతరేమో, కాంట్రాక్ట్ అని కూడా రాస్తున్న.

మీ నోటీసు సంగతి రాయలే సార్. అది మీ ఇష్టం. రాయాల్నంటే మీరే రాసుకోండ్రి.

టైం... పదిహేను నిమిషాలు తక్కువ అయిదు.

ఎవరికి సార్ ఫోన్? ఎంకన్నకా?

... ఆగమని చెప్పిండ్రా? జాబితా ఆగిందా సార్?

ఆమె పేరు మళ్ల టైపు చేసి పంపమంటరా. ఏ కోటాల? అవు, అదే కోటాల. ఇప్పుడే చేస్త. పది నిమిషాలు చాలు. నా ఏడెనిమిది వరుసలు కూడా మళ్ల పెట్టే పోత, ఎంత పొద్దుపోయినా సరే.

నా ఫైలు సంతకం లేకుండనే డ్రాయర్ల పెడ్తున్నరు. చూసిన సార్. తాళం కూడా ఏస్తున్నరు. సరే. ఆరేండ్లల మొదటిసారి అది లోపలికి పోవుడు చూస్తున్న. నేను అడగ, మీరు చెప్పకుండ్రి.

ఒక్కటే సార్. ఆ మౌస్ నాకియ్యుండ్రి. శివమ్మకు వాపస్ ఇయ్యాలె. సీటు వచ్చింది అంటే దీనితోనే వచ్చింది అనుకుంటది ఆమె. నా చేతిల పెట్టింది కాబట్టే అయింది అనుకుంటది, మళ్ల దండం పెడ్తది.

ఆ దండానికి ఏం చెయ్యాల్నో మాత్రం నాకు తెలుస్తలేదు సార్.